కంచులో దాగిన పంచమం

(పెన్సిల్వేనియాలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కు ముందు ఏర్పాటు చేసుకున్న కూడికలో, చర్చి చేతిగంటల బృందంలో వాయించే ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)

పెద్దలకు, తల్లులకు, పిల్లలకు అందరికీ వందనాలు.

ఈ బల్ల మీద గుడ్డ కింద ఏముందా అని పిల్లలు ఇందాకటి నుంచి తొంగి తొంగి చూస్తున్నారు. ముందు అది తీసేస్తాను. ఇవి హ్యాండ్‌బెల్స్, చేతిగంటలు. మా చర్చిలో ఉన్న సెట్టు మూడు స్థాయిలది, మొత్తం 37 గంటలు. ఈ సాయంత్రానికి అందులోంచి 11 అడిగి తెచ్చుకున్నాను. పిల్లలూ, దగ్గరికి వచ్చి చూడండి, కానీ వట్టి చేతులతో కంచును ముట్టుకోకండి. వేలి చెమట తగిలిన చోట మచ్చ పడిపోతుంది. మేం గ్లవ్స్ వేసుకునేది అందుకే.

నేను మాట్లాడేలోపు దీన్ని మాట్లాడనిద్దాం.

[ఒక గంట మోగించి, శబ్దం పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగారు.]

మళ్లీ మోగిస్తాను. ఈసారి గంట లోపలి నాలుక తగిలిన ఆ మొదటి దెబ్బ మీద మనసు పెట్టకండి. దాని వెనకాల వచ్చేది వినండి.

[మళ్లీ మోగించారు.]

పాశ్చాత్య సంగీతం లెక్కలో దీని స్వరం ‘ఇ’. సంగీతం నేర్చుకున్నవాళ్లు దీన్ని సా అనుకోండి. ఆ సా మోగుతుండగానే, పైన ఎక్కడో దారప్పోగంత సన్నగా ఇంకో స్వరం వినబడిందా? అక్కడ ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఏం స్వరమమ్మా? పా. అవును తల్లీ, పంచమమే. తారస్థాయి పంచమం. గంట ఒక్కటే, మోగించింది ఒక్కసారే, లోపల మాత్రం సా, పా రెండూ ఉన్నాయి. తంబుర మీటినట్టు.

చర్చి గోపురంలో వేలాడే పెద్ద గంట ఇలా పలకదు. దాన్లో సాధారణ గాంధారం, అంటే కాస్త దించిన గా, బలంగా ఉంటుంది, అందుకే పెద్ద గంట దూరం నుంచి ఒక్కసారి మోగినా మనసు బరువెక్కుతుంది. చేతిగంటను చేసేవాళ్లు పోత పోశాక లేతు మీద తిప్పుతూ, లోహాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, ఈ పంచమం సరిగ్గా శ్రుతిలో పడేదాకా చెక్కుతారు. మనం ఉంటున్న ఈ పెన్సిల్వేనియాలోనే షుల్మెరిక్, మాల్‌మార్క్ అని రెండు పేరున్న కంపెనీలు ఆ పని చేస్తున్నాయి.

ఈ పంచమాన్ని గుర్తుపెట్టుకోండి. ఎప్పుడో వందల ఏళ్ల కిందట పుట్టిన క్రిస్మస్ పాటలు చేతిగంటల మీద ఎందుకంత బాగా నిలుస్తాయి, వాటిని ఎలా వాయిస్తే నిలుస్తాయి అన్నదానికి జవాబు నాకు దీనిలోనే దొరికింది.

అసలు ఈ గంటలు ఆరాధన కోసం పుట్టలేదు. ఇంగ్లండ్‌లో గోపురం గంటల్ని తాళ్లతో లాగుతూ, వరస మార్చి మార్చి మోగించే పద్ధతి ఒకటుంది. ఏ గంట తర్వాత ఏ గంట అన్న లెక్కంతా కంఠతా పట్టాలి. దానికి సాధన కావాలి. చలికాలంలో రాతి గోపురంలో ఎంతసేపు నిలబడతారు? పైగా నేర్చుకునేవాళ్ల తప్పులన్నీ ఊరంతా వినాల్సి వస్తుంది. 1700కి అటూ ఇటూగా విల్ట్‌షైర్‌లోని ఆల్డ్‌బోర్న్ అనే ఊళ్లో విలియం కోర్, రాబర్ట్ కోర్ అనేవాళ్లు శ్రుతి చేసిన చిన్న గంటలు పోత పోశారు. గంటలు లాగేవాళ్లు వాటిని చేతబట్టుకుని, వెచ్చగా ఓ గదిలో చేరి, అదే లెక్క సాధన చేసుకున్నారు. సాధన కోసం పట్టుకున్న గంటల మీద పాటలు వచ్చాయి.

అమెరికాకు ఇవి మొదట తమాషాగానే వచ్చాయి. 1840ల్లో పి.టి. బార్నమ్ అనే ప్రదర్శనల వ్యాపారి ఇంగ్లండ్ నుంచి ఒక బృందాన్ని రప్పించి, స్విట్జర్లాండ్ వాళ్లలా వేషం కట్టించి ప్రదర్శనలిప్పించాడు. నాకు ఎక్కువ ఇష్టమైన కథ మార్గరెట్ షర్‌క్లిఫ్ గారిది. బోస్టన్ ఆవిడ. 1902లో ఇంగ్లండ్ వెళ్లి అక్కడి గోపురం గంటలు మోగించి మెప్పించారు. వైట్‌చాపెల్ గంటల ఫౌండ్రీ వాళ్లు ఆవిడకు చేతిగంటలు బహుమానంగా ఇచ్చారు. ఆ గంటల సంప్రదాయమే తర్వాత బోస్టన్‌లో బీకన్ హిల్ వీధుల్లోకి వచ్చింది. క్రిస్మస్ ముందు రాత్రి ఆవిడ, ఇంట్లోవాళ్లు, స్నేహితులు గంటలతో క్యారల్స్ వాయిస్తూ తిరిగేవారు. 1937లో బోస్టన్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతానికి ఒక చేతిగంటల సంఘం, 1954లో దేశమంతటికీ ఒక సంఘం ఏర్పడ్డాయి. ఇప్పుడు ఇక్కడ చర్చిల్లో మనం చూసే గంటల బృందాల వెనక ఆ వీధి క్యారల్స్ ఉన్నాయి. డిసెంబరు చలిలో అర్ధరాత్రి డోలక్ మోసుకుంటూ ఇంటింటికీ తిరిగిన మనకి ఆవిడ పరాయి మనిషి కాదు.

ఇక వాయించడం సంగతి. ఒక్కొక్కరికి రెండు గంటలు, చేతికొకటి. ఆ రెండు స్వరాలకి సంబంధించిన షార్పులు, ఫ్లాట్లు, అంటే అర మెట్టు పైవి, కిందివి, బల్ల మీద స్పాంజి పరుపుపై సిద్ధంగా ఉంటాయి. పాట మొత్తంలో నాకు ఏ, బి. అంతే. నా ఎడమ పక్కన నిలబడే ఆవిడకి ఎఫ్, జి. బాణీ ఆవిడ చేతి నుంచి నా చేతికి, నా చేతి నుంచి నా కుడిపక్క ఆయన చేతికి నడిచి వెళ్లాలి. కోలాటంలో ఎదుటివాళ్ల కర్ర తగలాల్సిన క్షణానికి మన కర్ర అక్కడ లేకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. నా స్వరం ఇంకొకరు వాయించలేరు. నేను రాకపోతే ఆ చోట పాటకి కన్నం పడుతుంది.

[గంట చేతిలోకి తీసుకుని చూపిస్తూ] చూడండి, నాలుక ముందుకీ వెనక్కీ మాత్రమే కదులుతుంది, పక్కలకి ఊగదు. చిన్న స్ప్రింగు ఉంది, అందుకే ఊరికే పట్టుకుంటే మోగదు. ఇలా చెయ్యి ముందుకు చాచి, మణికట్టు దగ్గర మోగించి, చేతిని గుండ్రంగా తిప్పి, ఇలా భుజానికి ఆనిస్తే ఆగుతుంది. దీన్ని డ్యాంపింగ్ అంటారు. కంచు మోగినట్టు కనకం మోగదని మనవాళ్లు అన్నది నిజమే. ఇది కంచే, సుమారు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. వదిలేస్తే మోగుతూనే ఉంటుంది. మోగించడం పిల్లలకి పది నిమిషాల్లో నేర్పవచ్చు. ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి నాకు మూడు క్రిస్మస్‌లు పట్టింది.

గంటల బృందాలకి రాసే క్రిస్మస్ సంగీతం చాలా వరకు దట్టంగా ఉంటుంది. పదకొండు మందో పన్నెండు మందో నిలబడినప్పుడు అందరి చేతికీ పని ఉండాలని రాసేవాళ్లు అనుకోవడం సహజమే. గంటల్ని వణికించడం, పరుపు మీద కొట్టడం, చిన్న సుత్తులతో వాయించడం, చెయ్యి కిందికి ఊపి గోపురం గంటలా వినిపించడం, ఇలా ఎన్నో పద్ధతులున్నాయి. అన్నీ అందమైనవే, నాకూ ఇష్టమే. కానీ పాత పాట దగ్గరికి వచ్చేసరికి ఇవన్నీ దాని మీద కప్పిన దుప్పట్లలా అనిపిస్తాయి. ఇందాకటి పంచమం గుర్తుందా? ప్రతి గంటలోనూ దాని పంచమం దానికుంది. కింది స్థాయిలో ఐదారు గంటలు ఒక్కసారిగా మోగిస్తే ఐదారు పంచమాలు లేస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వినేవాళ్లకి బోలెడంత శబ్దం వినబడుతుంది, బాణీ వినబడదు.

పాత పాటలు అలా దట్టంగా పుట్టలేదు. ఒక్క వరస బాణీగా పుట్టాయి. కింద ఏదైనా ఉందంటే, సా పా లాంటి తెరిచిన శ్రుతి. అంటే గంట లోపల ముందే ఉన్న శ్రుతి. మనం కొత్తగా చేర్చాల్సింది చాలా తక్కువ.

ఒక పాట తీసుకుందాం. ‘వేని ఇమ్మానుయేల్’. ఇంగ్లిషులో ‘ఓ కమ్ ఓ కమ్ ఇమ్మానుయేల్’గా అందరికీ తెలుసు. మాటల మూలం చాలా పాతది. క్రిస్మస్‌కి ముందు ఏడు సాయంత్రాలు, డిసెంబరు 17 నుంచి 23 వరకు, ‘ఓ’ అన్న పిలుపుతో మొదలయ్యే లాటిన్ చిన్న కీర్తనలు రోజుకొకటి పాడేవారు. ఓ జ్ఞానమా, ఓ ప్రభువా, ఓ యెష్షయి వేరూ... చివరి రోజు ఓ ఇమ్మానుయేలూ. ఆ ఏడు పిలుపుల మొదటి అక్షరాల్ని చివర్నుంచి వెనక్కి చదివితే లాటిన్‌లో ‘ఎరో క్రాస్’ వస్తుంది. ‘రేపు ఉంటాను’ అని అర్థం. ఇది తెలిసిన రోజు నేను ఆ ఏడు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని గంటల బల్ల మీద పెట్టుకున్నాను.

ఆ పిలుపుల్ని పద్యంగా మలిచిన లాటిన్ పాట 1710లో కొలోన్‌లో అచ్చయింది. 1851లో జాన్ మేసన్ నీల్ దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు, థామస్ హెల్మోర్ దానికి మనం ఇప్పుడు పాడే బాణీ జతచేసి అచ్చువేశాడు. ఆ బాణీ ఎక్కడిదో చాలాకాలం తేలలేదు. హెల్మోరే కట్టి ఉంటాడని కూడా అనుకున్నారు. 1966లో మేరీ బెర్రీ అనే సంగీత పరిశోధకురాలు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో 15వ శతాబ్దపు రాతప్రతి ఒకటి చూశారు. ఫ్రాన్సిస్కన్ సన్యాసినులది, ఊరేగింపుల్లో పట్టుకుని పాడుకునే చిన్న పుస్తకం. దాన్లో ఈ బాణీ ఉంది. ఏ మాటలతో ఉందనుకుంటున్నారు? భూస్థాపన సమయంలో పాడే మాటలతో. చనిపోయిన సోదరిని సమాధి దగ్గరికి తీసుకెళ్తూ పాడిన బాణీ అది.

ఆ సంగతి తెలిశాక నేను ఆ పాటను మునుపటిలా వాయించలేకపోయాను. ‘రేపు ఉంటాను’ అన్న మాట, సమాధికి నడిచే అడుగులు, రెండూ ఒకే పాటలో ఉన్నాయి. క్రిస్మస్ ముందరి ఈ నాలుగు వారాల ఎదురుచూపు ఎలా ఉంటుందో ఇంతకన్నా బాగా చెప్పిన పాట నాకు తెలియదు.

ఒక ఏడాది మా బృందానికి ఈ పాటకి పెద్ద అమరిక ఇచ్చారు. నడుమ గంటలన్నీ వణికించే భాగం, చివర్లో మెట్టు మెట్టుగా పెరిగే హోరు. రెండు వారాలు కష్టపడ్డాం. కుదిరింది కూడా. ఒక సాధన రాత్రి మా నాయకురాలు కాగితాలన్నీ మూసేయమన్నారు. బాణీకి ఎనిమిది గంటలు, కింద శ్రుతికి ‘ఇ’, ‘బి’ రెండు పెద్ద గంటలు, అంతే ఉంచారు. మిగతావాళ్లం గంటలు కింద పెట్టి నిలబడ్డాం. శ్రుతి గంటలు మోగాయి, వాటిని ఆపలేదు. దాని మీద బాణీ నడిచింది, సా గా పా అని మొదలవుతుంది. మన నటభైరవి రాగం స్వరాలే. ఒక్కొక్క స్వరం తర్వాతి స్వరానికి చోటిచ్చి తప్పుకుంటోంది, శ్రుతి మాత్రం నేలలా కింద ఉండిపోయింది. ఆ రాత్రి మొదటిసారి పాట మాటలు, ఎవరూ పాడకుండానే, నాకు వినబడ్డాయి. క్రిస్మస్ ఆరాధనలో కూడా అలాగే వాయించాం. చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను, నాకేం లోటనిపించలేదు.

అన్ని పాత పాటలూ ఇంత నెమ్మదివని అనుకోకండి. ‘ఇన్ దుల్చి యూబిలో’ చూడండి, 14వ శతాబ్దపు జర్మన్ పాట, సగం లాటిన్, సగం జర్మన్. హైన్రిష్ సూజో అనే సన్యాసికి దేవదూతలు కనబడి ఆయన చెయ్యి పట్టుకుని నాట్యమాడుతూ ఈ పాట పాడారని కథ. నాట్యం లయే దాన్ని నడిపిస్తుంది. క్యారల్ అన్న మాటే చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట నుంచి వచ్చింది. ఆ పాటకి గంటలు గట్టిగా, చురుగ్గా మోగాలి, వెంటనే ఆగాలి. ‘ఎస్ ఇస్ట్ ఐన్ రోస్’ పూర్తిగా వేరు. యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుందన్న యెషయా మాట మీద అల్లిన పాట. 1599లో స్పయర్ నగరపు కీర్తనల పుస్తకంలో అచ్చయింది, 1609లో మిఖాయెల్ ప్రెటోరియస్ దానికి నాలుగు గొంతులు కూర్చాడు. ఆ కూర్పు ఎంత నిరాడంబరమో! దానికి ఒక్క స్వరం కూడా చేర్చకుండా వాయించండి, చాలు. ‘క్యారల్ ఆఫ్ ది బెల్స్’ ఎందుకు వాయించరని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. వాయిస్తాం, గొప్ప సంగీతం. కానీ అది మికోలా లియొంతోవిచ్ కూర్చిన ఉక్రేనియన్ కొత్త సంవత్సరపు పాట. దాని కథ దానికుంది, ఇంకో రోజు చెప్పుకుందాం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా దగ్గరైన పాట. ‘కోవెంట్రీ క్యారల్’.

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒక్కొక్క వృత్తి సంఘం వాళ్లు ఒక్కొక్క బైబిలు కథను బండ్ల మీద వీధుల్లో ఆడేవారు. బట్టల నూగు కత్తిరించేవాళ్లు, దర్జీలు కలిసి యేసు జననం నుంచి హేరోదు పసిపిల్లల్ని చంపించడం దాకా ఆడేవారు. అది డిసెంబరులో కాదు, వేసవిలో వచ్చే పండుగకి. ఆ నాటకంలో సైనికులు వచ్చే ముందు ముగ్గురు తల్లులు బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని ఈ పాట పాడతారు. లల్లాయి, లల్లాయి అని జోలపాట. 1534లో రాబర్ట్ క్రో ఆ నాటకాన్ని రాసిపెట్టాడు, 1591 నాటి బాణీ కూడా దానితో ఉంది. మూల ప్రతి 1879లో బర్మింగ్‌హామ్ గ్రంథాలయం తగలబడినప్పుడు కాలిపోయింది. అంతకుముందే థామస్ షార్ప్ అనే ఆయన దాన్ని అచ్చువేయించి ఉండబట్టి పాట మనకి మిగిలింది. 1940 నవంబరు 14 రాత్రి బాంబుల్లో కోవెంట్రీ కెథడ్రల్ కూలిపోయింది. ఆ క్రిస్మస్‌కి, పైకప్పు లేని ఆ గోడల మధ్య నుంచి బి.బి.సి. ప్రసారం చేసిన ఆరాధనలో ఇదే పాట పాడారు.

క్రిస్మస్ పండుగలో ఈ ఏడుపు పాటేమిటని మా చర్చిలోనే ఒకరు అడిగారు. మత్తయి రెండో అధ్యాయాన్ని జ్ఞానుల దగ్గరే ఆపేసి చదవలేం కదా. నక్షత్రం ఉంది, జ్ఞానులున్నారు, ఆ వెంటనే ‘రామాలో అంగలార్పు వినబడెను’ అని కూడా ఉంది. రాహేలు ఓదార్పు పొందనొల్లక ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి క్రిస్మస్ రాత్రి చర్చిలో ఏ వరసలోనో కూర్చుని ఉంటుంది. ఆవిడ కోసం కూడా ఒక పాట ఉండాలి. పాతవాళ్లకి ఆ సంగతి తెలుసు.

ఈ పాటలో ఒక చోటు మీకు దగ్గరగా చూపిస్తాను. మేం దీన్ని జి మైనర్‌లో వాయిస్తాం. అంటే జి సా. పాటంతా సాధారణ గాంధారం, అది బి ఫ్లాట్ గంట. [మోగించారు.] ఇది నా కుడిచేతిలో ఉంటుంది. చివరి స్వరాల కలయిక దగ్గరికి వచ్చేసరికి ఆ గాంధారం మారిపోతుంది, అర మెట్టు పైనుండే అంతర గాంధారం వస్తుంది. బి నేచురల్. [మోగించారు.] ఒక్క గంట తేడా. అంత దుఃఖం పాడి, చివరి శ్వాసలో చిన్న దీపం వెలిగించినట్టు ఉంటుంది. మొదటి ఏడాది నేను ఆ గంట మార్చలేదు. పాటలో మునిగిపోయి బి ఫ్లాటే మోగించాను. చివరి స్వరాలు చీకట్లోనే ఆగిపోయాయి. చర్చిలో చాలామంది గమనించి ఉండరు, కానీ నేను విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత వారం నా పక్కన నిలబడే పెద్దావిడ, నలభై ఏళ్లుగా గంటలు వాయిస్తున్నారు, నన్ను పిలిచి చూపించారు. చివరి చరణం మొదలయ్యేలోపే బి నేచురల్ పిడి నా వైపు తిప్పి బల్ల అంచుకి జరుపుకోవాలి. ఆఖరి బి ఫ్లాట్ మోగించి, భుజానికి ఆన్చి ఆపి, చప్పుడు కాకుండా పరుపు మీద పడుకోబెట్టాలి. ఇలా. పడెయ్యకూడదు, బిడ్డను పడుకోబెట్టినట్టు. తర్వాత అదే చేత్తో ఇది తీసుకోవాలి. దీనికంతా ఒక్క శ్వాసంత సమయం. ఇప్పుడు ప్రతి ఏడూ అలాగే చేస్తున్నాను. అది చేసేటప్పుడు ఆ ముగ్గురు తల్లులు గుర్తుకు రాని సంవత్సరం లేదు.

మనవాళ్ల సంగతి ఒక్కమాట చెప్పి ముగిస్తాను. నేను గుంటూరు లూథరన్ల ఇంట్లో పుట్టాను. 1842లో గుంటూరులో అడుగుపెట్టిన మిషనరీ హయ్యర్ గారు ఈ పెన్సిల్వేనియా లూథరన్ల నుంచే వచ్చారు, ఆయన పుట్టింది జర్మనీలో. అందుకేనేమో, ఇక్కడ మొదటిసారి చర్చిలో గంటల మీద ‘ఓ సద్భక్తులారా’ బాణీ వినగానే నాకు పెదాల మీదికి తెలుగే వచ్చింది. జాన్ ఫ్రాన్సిస్ వేడ్ అనే ఆయన చేతిరాతలో 1740ల్లో కనబడే లాటిన్ పాట అది. మా అమ్మమ్మకి లాటిన్ తెలియదు, వేడ్ తెలియడు, అది మన కీర్తనల పుస్తకంలోని పాట, అంతే. ‘శుద్ధరాత్రి’ కూడా అంతే. వీటిని గంటల మీద వాయిస్తూ తెలుగులో పాడితే ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. ఈరోజు వినాలని ఉంది. ముందుగా ‘వేని ఇమ్మానుయేల్’, చెయ్యి కుదరడానికి. తర్వాత ‘ఓ సద్భక్తులారా’.

ఆరుగురు కావాలి. శ్రుతి గంటలకి ఇద్దరు. అన్నయ్యా, మీరు రండి, ఇవి కాస్త బరువు, రెండు చేతులా పట్టుకోండి. బాణీకి నలుగురు, చేతికొకటి. ఇందాక పంచమం పట్టుకున్న అమ్మాయి ఎక్కడ? నువ్వు రామ్మా, నువ్వు ‘ఇ’, ‘ఎఫ్ షార్ప్’ పట్టుకో. గ్లవ్స్ ఇక్కడున్నాయి, ముందు తొడుక్కోండి. పిడి గట్టిగా పిసకకండి, పసిపిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోండి. నేను చెయ్యి చూపిస్తే మోగించండి. శ్రుతి గంటల వాళ్లు మాత్రం భుజానికి ఆన్చకండి, నేను చెయ్యి దించేదాకా మోగనివ్వండి.